ఏవియేషన్ కోర్సులో చేరుతున్నారా? ముందు జీతం ఇచ్చేదెవరో తెలుసుకోండి

2025 డిసెంబర్ మొదటి వారంలో శంషాబాద్ విమానాశ్రయంలో కనిపించిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కౌంటర్ల ముందు బారులు, గుట్టలుగా సూట్‌కేసులు, గంటల తరబడి నేలమీదే కూర్చున్న ప్రయాణికులు. డిసెంబర్ 5న ఒక్కరోజే ఇండిగో దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా సర్వీసులు రద్దు చేసింది. విమానాలు చెడిపోలేదు. ఇంధనం అయిపోలేదు. తప్పింది డ్యూటీ చార్టు!

పైలట్ల అలసట తగ్గించేందుకు పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) తెచ్చిన కొత్త నిబంధనల రెండో విడత నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. పైలట్‌కు వారానికి 36 గంటలున్న వరుస విశ్రాంతి అంతకుముందే, జులైలో, 48 గంటలైంది. నవంబర్ నుంచి వారంలో రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఆ లెక్కకు సరిపడా సిబ్బంది, షెడ్యూలు సంస్థ దగ్గర సిద్ధంగా లేవు. చివరికి ప్రభుత్వమే రాత్రి డ్యూటీ నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 వరకు తాత్కాలిక మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

‘ఏవియేషన్ మేనేజ్‌మెంట్ అండ్ ఆపరేషన్స్’ అనే సబ్జెక్టు విలువ ఏందో ఈ ఒక్క ఉదాహరణతో అర్థమవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఉండాలో లెక్క తప్పితే వేల కోట్ల సంస్థ కూడా నేలమీద ఆగిపోతుంది. కాబట్టి చదువు మంచిదా కాదా అన్నది కాదు ప్రశ్న. మంచిదే. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ నుంచి ఇంటర్, డిగ్రీ పూర్తి చేస్తున్న విద్యార్థికి ఆ చదువు ఏ రూపంలో పనికొస్తుంది? లక్షల ఫీజు పెట్టి చేరితే ఏ తలుపులు తెరుచుకుంటాయి, ఏవి మూసుకుపోతాయి? అసలు చూడాల్సింది ఇది.

చెరకు కాటా నుంచి విమానం దాకా

ఆపరేషన్స్ అంటే బోధన్ వాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నరికిన చెరకు ఆలస్యమైతే చక్కెర శాతం పడిపోతుంది. అందుకే ఏ రైతుకు ఏ రోజు కటింగ్ ఆర్డర్ ఇవ్వాలి, ఎన్ని బండ్లు గేటు దగ్గరికి రావాలి, కాటా దగ్గర ఎంతసేపు ఆగాలి, గానుగకు ఎంత చెరకు అందాలి అన్నది ఒక వరుసలో నడవాలి. ఒక్క చోట ఆగితే రోడ్డు పొడవునా బండ్లు ఆగుతాయి. శక్కర్‌నగర్‌లో పనిచేసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే అడిగి చూడండి, సీజన్‌లో పని ఎట్లుండేదో చెప్తారు.

విమానాశ్రయంలో జరిగేదీ అదే, కాకపోతే గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది. దేశీయ సర్వీసు నడిపే విమానం గేటు దగ్గర ఆగేది సాధారణంగా అరగంట, ముప్పావుగంట. ఆ కొద్ది సమయంలో ప్రయాణికులు దిగాలి, సామాను దించాలి, క్యాబిన్ శుభ్రం చేయాలి, ఇంధనం నింపాలి, కొత్త సామాను ఎక్కించాలి, బరువు ఏ వైపు ఎంత ఉందో లెక్కగట్టిన లోడ్ షీట్ పైలట్ చేతికి ఇవ్వాలి. దీన్ని ‘టర్న్ అరౌండ్’ అంటారు. ఇక్కడ పది నిమిషాలు పోతే అదే విమానం ఆ రోజు తిరగాల్సిన మిగతా ఊళ్లన్నింటికీ ఆలస్యం పాకుతుంది.

బీబీఏ, ఎంబీఏ స్థాయిలో ఏవియేషన్ పేరుతో చెప్పే పాఠాలు దీని చుట్టూ తిరుగుతాయి. విమానాశ్రయ ప్రణాళిక, ఎయిర్‌లైన్ ఆర్థిక వ్యవహారాలు, టికెట్ ధరల నిర్ణయం, కార్గో, ర్యాంప్ భద్రత, విమానయాన చట్టాలు ప్రధానంగా ఉంటాయి. చట్టాల విషయంలో సిలబస్ కొత్తదో పాతదో చూసుకోండి. 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పటికీ పాత చట్టమే చెప్పే సంస్థలో మిగతా పాఠాలు ఎట్లుంటాయో ఊహించుకోవచ్చు.

ఎయిర్‌పోర్ట్ ఒక్కటే.. యజమానులు నలుగురు

‘మావోడు ఎయిర్‌పోర్ట్‌ల చేస్తడు’ అని ఊళ్లో చెప్పుకుంటారు. కానీ ఎయిర్‌పోర్ట్ అనే ఒక్క యజమాని ఉండడు. ఒకే కప్పు కింద కనీసం నాలుగు రకాల సంస్థలు జీతాలు ఇస్తాయి. ఒక్కోదాని అర్హతలు ఒక్కో తీరు.

మొదటిది, విమానాశ్రయాన్ని నడిపే సంస్థ. శంషాబాద్‌లో జీఎంఆర్. విజయవాడ, తిరుపతి, రాజమహేంద్రవరం, కడపల్లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా (ఏఏఐ). రెండోది, ఇండిగో, ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఆకాశ వంటి విమానయాన సంస్థలు. మూడోది, గ్రౌండ్ హ్యాండ్లింగ్, కార్గో సంస్థలు. సామాను ఎక్కించడం, దించడం మొదలు కొన్ని ఎయిర్‌లైన్స్ తరఫున చెక్-ఇన్ కౌంటర్ దాకా వీళ్లే చూస్తారు. నాలుగోది, ప్రభుత్వ విభాగాలు. డీజీసీఏ, భద్రతను పర్యవేక్షించే బీసీఏఎస్, కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్ ఇందులోకి వస్తాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. శంషాబాద్‌ను నడిపేది జీఎంఆరే అయినా, విమానాలకు దారి చూపే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ మాత్రం ఏఏఐ ఉద్యోగి. కౌంటర్ దగ్గర ఎయిర్‌లైన్ యూనిఫాంలో నవ్వుతూ పలకరించే అమ్మాయికి జీతం వేరే గ్రౌండ్ హ్యాండ్లింగ్ సంస్థ ఇస్తుండవచ్చు. అందుకే కోర్సు బ్రోషర్‌లో ‘ఎయిర్‌పోర్ట్ జాబ్’ అని ఉంటే, మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘జీతం ఇచ్చేదెవరు?’

ఈ తేడా ఎంత ముఖ్యమో 2025 మే నెల చూపించింది. తుర్కియే మూలాలున్న సెలెబీ సంస్థకు బీసీఏఎస్ మే 15న భద్రతా అనుమతి రద్దు చేసింది. హైదరాబాద్ సహా తొమ్మిది విమానాశ్రయాల్లో గ్రౌండ్ హ్యాండ్లింగ్, కార్గో పనులు చేస్తున్న సంస్థ అది. విమానాలు ఆగలేదు, పనీ ఆగలేదు. పని వేరే సంస్థల చేతికి వెళ్లింది. ఇటువంటి చోట సిబ్బందికి అక్కరకొచ్చేది కంపెనీ పేరు కాదు, తమ చేతిలో ఉన్న నైపుణ్యం, సర్టిఫికెట్.

బీబీఏ ఏవియేషన్‌తో మూసుకునే తలుపు

బ్రోషర్లు సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది. విమానాశ్రయ కొలువుల్లో స్థిరత్వం, జీతం రెండూ ఉన్నవి ఏఏఐ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టులు. మూలవేతన శ్రేణి రూ.40,000 నుంచి రూ.1,40,000. అలవెన్సులు అదనం. పేరులో ‘ఏవియేషన్’ ఉన్న డిగ్రీ ఇక్కడ పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. నోటిఫికేషన్ తెరిచి చూస్తే సంగతి వేరు.

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ పోస్టుకు మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ ఉన్న మూడేళ్ల రెగ్యులర్ బీఎస్సీ కావాలి. లేదా ఏదో ఒక సెమిస్టర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివిన ఇంజినీరింగ్ డిగ్రీ ఉండాలి. జనరల్ కేటగిరీకి గరిష్ఠ వయసు 27 ఏళ్లు, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంటుంది. 2025లో ఈ విభాగంలో 309 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. రాత పరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్, మానసిక సామర్థ్య పరీక్ష, వైద్య పరీక్ష ఉంటాయి. ఎయిర్‌పోర్ట్ ఆపరేషన్స్ జూనియర్ ఎగ్జిక్యూటివ్‌కు గతంలో వచ్చిన నోటిఫికేషన్లలో సైన్స్ డిగ్రీతో పాటు ఎంబీఏ, లేదా ఇంజినీరింగ్ డిగ్రీ అడిగారు.

అంటే ఇంటర్ ఎంపీసీ చదివిన విద్యార్థి బీబీఏ ఏవియేషన్‌లో చేరితే, ఎయిర్‌పోర్ట్ వైపు అడుగేస్తున్నా అనుకుంటూనే ఎయిర్‌పోర్ట్‌లోని పెద్ద తలుపు తనే మూసుకుంటున్నట్టు. అదే విద్యార్థి నిజామాబాద్ గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలోనో, దోస్త్ ద్వారా సీటొచ్చిన మరో కాలేజీలోనో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేస్తే కంట్రోలర్ పరీక్షకు అర్హుడవుతాడు. తర్వాత ఎంబీఏ చేస్తే ఆపరేషన్స్ వైపూ దారి ఉంటుంది. కంట్రోలర్ కాకపోయినా ఆ డిగ్రీ గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు, బీఈడీకి ఎటూ పనికొస్తుంది.

జక్రాన్‌పల్లిని నమ్ముకోవచ్చా?

‘మన జిల్లాకే ఎయిర్‌పోర్ట్ వస్తోంది, వేల ఉద్యోగాలు’ అన్న మాట ఇప్పుడు కోర్సుల ప్రచారంలోకి ఎక్కింది. నిజం ఎంతో చూద్దాం. రాష్ట్రంలో ప్రతిపాదించిన ఆరు విమానాశ్రయాల్లో జక్రాన్‌పల్లి ఒకటి. మిగతావి మామునూరు, ఆదిలాబాద్, బసంత్‌నగర్, పాల్వంచ, మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. ఏఏఐ సాధ్యాసాధ్యాలపై అధ్యయనం చేసింది. వీటిలో ముందుకు కదిలింది వరంగల్ దగ్గరి మామునూరు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు మరో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పంద నిబంధన అడ్డం ఉండటంతో, జీఎంఆర్ అంగీకారం తీసుకుని కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. జక్రాన్‌పల్లి ఇంకా ప్రతిపాదన దశ దాటలేదు. భూమి, అనుమతులు, రన్‌వే, ఆ తర్వాత విమానం నడిపేందుకు ముందుకొచ్చే సంస్థ.. ఇన్ని మెట్లున్నాయి. ఈ ఏడాది డిగ్రీలో చేరే విద్యార్థి మూడేళ్లకు బయటికొస్తాడు. ఆ మూడేళ్లలో అక్కడ విమానం దిగుతుందన్న లెక్కతో ఫీజు కట్టడం తెలివైన పని కాదు.

వచ్చిందే అనుకుందాం. చిన్న విమానాశ్రయంలో ఉద్యోగాలు ఎట్లుంటాయో చూడటానికి దూరం పోనక్కర్లేదు, పక్కనున్న నాందేడ్ చాలు. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న ప్రధాని ప్రారంభించిన తొలి సర్వీసుల్లో నాందేడ్-హైదరాబాద్, కడప-హైదరాబాద్ కూడా ఉన్నాయి. వాటిని నడిపింది హైదరాబాద్ సంస్థ ట్రూజెట్. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ సర్వీసులు ఆగిపోయాయి. నాందేడ్‌లో విమానాలు ఆగడం, మళ్లీ మొదలవడం ఒకటికి రెండుసార్లు జరిగింది. రన్‌వే ఉన్నంత మాత్రాన కొలువు ఉండదు. రోజూ దిగే విమానం ఉంటేనే కొలువు.

ఏఏఐ నడిపే చిన్న విమానాశ్రయాల్లో అధికారుల పోస్టులు జాతీయ స్థాయి పరీక్షతో నిండుతాయి. స్థానికులకు ఎక్కువగా మిగిలేది కాంట్రాక్టు పనులు. రేపు జక్రాన్‌పల్లి టవర్‌లో కూర్చోవాలనుకునే ఇందూరు బిడ్డ కూడా ఢిల్లీ నుంచి వచ్చే నోటిఫికేషన్‌కే దరఖాస్తు చేయాలి.

బోధన్ నేర్పిన పాఠం

1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. 2024 జనవరిలో ప్రభుత్వం పునరుద్ధరణపై కమిటీ వేసింది. ఇన్నేళ్లలో బోధన్ చూసింది ఏంటంటే, ఒక్క ఫ్యాక్టరీకే పనికొచ్చే నైపుణ్యం ఉన్నవాళ్లు గేటు మూతపడగానే రోడ్డున పడ్డారు. వెల్డింగ్, ఎలక్ట్రికల్, అకౌంట్స్ వంటి ఎక్కడైనా చెల్లే పని చేతిలో ఉంటే వేరే ఊళ్లోనైనా బతుకు వెతుక్కోవచ్చు.

విమానయాన రంగానికి ఈ పాఠం అక్షరాలా వర్తిస్తుంది. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయాయి. విస్తారా 2024 నవంబర్‌లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా ఇప్పుడు ఒక్క ఇండిగో చేతిలోనే ఉన్నారు. రంగం పెరుగుతోంది, అందులో సందేహం లేదు. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయి. శంషాబాద్ నుంచి ఏటా రెండున్నర కోట్లకు పైగా ప్రయాణిస్తున్నారు. కానీ రంగం పెరగడం వేరు, అందులోని ఒక్కో కంపెనీ బతకడం వేరు. యజమాని తగ్గిన కొద్దీ జీతం బేరమాడే శక్తి ఉద్యోగికి తగ్గుతుంది. అందుకే, కంపెనీ పోయినా మిగిలే డిగ్రీ, సంస్థ మారినా చెల్లే సర్టిఫికెట్ రెండూ ఉండేలా చదువు ఎంచుకోవాలి.

ఎవరికి ఏ దారి?

ఎంపీసీ వాళ్లకు: మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ లేదా ఇంజినీరింగ్. లక్ష్యం ఏఏఐ పరీక్ష. చేతిపని మీద ఇష్టముంటే డీజీసీఏ ఆమోదించిన సంస్థలో ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చూడొచ్చు. డిప్లొమా, ఐటీఐ వాళ్లు టెర్మినల్ వైపు కాకుండా మరమ్మతుల వైపు చూడాలి. 2025 నవంబర్ 26న శంషాబాద్‌లో ప్రారంభమైన సాఫ్రాన్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం పెట్టుబడి సుమారు రూ.1,300 కోట్లు. పూర్తి సామర్థ్యానికి చేరితే ఏటా 300 ఇంజిన్లు, వెయ్యి మందికి పైగా సాంకేతిక నిపుణులతో నడవాలన్నది ప్రణాళిక. అక్కడ కావాల్సింది స్పానర్ పట్టే చేయి.

సీఈసీ, బైపీసీ వాళ్లకు: మేనేజ్‌మెంట్ వైపే పోవాలనుకుంటే గుర్తింపున్న యూనివర్సిటీ డిగ్రీనే ఎంచుకోండి. విమానయానానికే ఉన్న కేంద్రీయ విశ్వవిద్యాలయం రాజీవ్ గాంధీ నేషనల్ ఏవియేషన్ యూనివర్సిటీ ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉంది. అక్కడి బీఎంఎస్ (ఏవియేషన్ సర్వీసెస్ అండ్ ఎయిర్ కార్గో) కోర్సులో అప్రెంటిస్‌షిప్ భాగం. ఏదైనా డిగ్రీ పూర్తి చేసినవాళ్లకు ఎయిర్‌పోర్ట్ ఆపరేషన్స్ పీజీ డిప్లొమా కూడా ఉంది. దూరం అనిపిస్తే దోస్త్‌లో బీకాం, బీబీఏ చేసి, ఆ పైన కార్గో శిక్షణ తీసుకోవచ్చు.

కార్గో మీద చిన్నచూపు వద్దు. పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లో ఉంది కాబట్టి పసుపు విమానమెక్కుతుందని కొందరు ఆశపెడతారు. పసుపు, చక్కెర వంటి బరువైన సరుకు పోయేది ఓడల్లోనే. హైదరాబాద్ నుంచి విమానంలో పోయేది మందులు, వ్యాక్సిన్లు. శీతల ఏర్పాట్లతో ఫార్మాకు ప్రత్యేక జోన్ శంషాబాద్ కార్గో టెర్మినల్‌లో ఉంది. ప్రమాదకర సరుకుల రవాణాపై ఐఏటీఏ డీజీఆర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఇక్కడా, గల్ఫ్‌లోనూ గుర్తింపు ఉంటుంది. దాని గడువు 24 నెలలు, తర్వాత మళ్లీ పరీక్ష రాయాలి. గల్ఫ్ విమానాశ్రయాల్లో లోడర్లుగా, క్లీనర్లుగా కష్టపడ్డ కుటుంబాలు మన జిల్లాలో చాలానే ఉన్నాయి. ఆ తరం పిల్లలు అదే చోటికి ఒక మెట్టు పైన చేరాలంటే ఇదొక దారి.

ఫీజు కట్టే ముందు ఈ ఐదు చూడండి

1. డిగ్రీ ఇచ్చేది ఎవరు? సంస్థ బోర్డు మీది పేరు కాదు, పట్టా మీది యూనివర్సిటీ పేరు చూడండి. యూజీసీ వెబ్‌సైట్‌లో నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా ఉంటుంది. 2024-25 నుంచి బీబీఏ నడిపే కాలేజీలకు ఏఐసీటీఈ అనుమతీ కావాలి.

2. ‘డీజీసీఏ అప్రూవ్డ్’ అని రాస్తే దేనికి అప్రూవల్ అని అడగండి. డీజీసీఏ అనుమతులు పైలట్ శిక్షణ, మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ వంటి వాటికి. చెక్-ఇన్, గ్రూమింగ్ నేర్పే ఆరు నెలల కోర్సుకు ఆ ముద్ర ఉండదు.

3. ప్లేస్‌మెంట్ అంటే ఏ సంస్థ, ఏ పోస్టు, చేతికొచ్చే జీతం ఎంత? పోయినేడు చేరినవాళ్లలో ఇద్దరు ముగ్గురితో మీరే మాట్లాడండి. ఫొటోలు చూసి నమ్మొద్దు. శంషాబాద్‌లో రాత్రి షిఫ్టులు, గది అద్దె, ప్రయాణ ఖర్చు తీసేస్తే మిగిలేదెంతో కాగితం మీద వేసుకోండి.

4. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా? ఈ-పాస్ సాయం గుర్తింపున్న కాలేజీ కోర్సులకే. ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్‌కు మొత్తం జేబులోంచే కట్టాలి.

5. ఉద్యోగానికి డబ్బు అడిగారా? అక్కడితో ఆపేయండి. ఏఏఐ, ఇండిగో వంటి సంస్థలు ఉద్యోగమిచ్చేందుకు డిపాజిట్లు తీసుకోమని పదేపదే చెబుతూనే ఉన్నాయి. వీసా ఏజెంట్ల చేతిలో మోసపోయిన ఊళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక్క మాట. విమానాశ్రయంలోని భద్రతా ప్రాంతంలో పనిచేయాలంటే ఎంట్రీ పర్మిట్ కావాలి. దానికి నేపథ్య తనిఖీ తప్పనిసరి. కేసుల్లో ఇరుక్కుంటే పట్టా ఉన్నా గేటు దాటలేరు.

కోర్సు పేరులో విమానం బొమ్మ ఉందా లేదా అన్నది పక్కన పెట్టండి. మీకు నచ్చిన పోస్టు ఒకటి ఎంచుకుని, దాని పాత నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసి, ‘విద్యార్హత’ అన్న పేరా చదవండి. అక్కడ అడిగిన డిగ్రీలోనే చేరండి. ఆ పని ఈ వారంలోనే, దోస్త్ ఆప్షన్లు పెట్టకముందే చేయండి. అమ్మానాన్న ఎకరం అమ్మో, అప్పు తెచ్చో కట్టే ఫీజుకు ఆ ఒక్క పేరా చదవడమే కాపలా.